కంకర బాటల మీద సైకిలు: మెట్ట నుండి కొల్లేరు దాకా



ఓపీలో షుగరు, బీపీ కార్డులు రాసేటప్పుడు మేము తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. రోజూ ఏమైనా నడుస్తున్నారా? యాభై దాటిన వారిలో ఎక్కువమంది "ఎక్కడ సిస్టరమ్మా, మోకాళ్లు లేవనివ్వడం లేదు" అంటారు. అదే మనిషిని "వయసులో సైకిలు తొక్కేవారా?" అని అడిగి చూడండి. సంతకు వెళ్లింది, పొగాకు బ్యారన్ దగ్గరకు అన్నం క్యారేజీ పట్టుకెళ్లింది, పెళ్లయిన కొత్తలో భార్యను వెనక కూర్చోబెట్టుకుని సినిమాకు తీసుకెళ్లింది, అన్నీ చెప్తారు. ఆ సైకిలు ఏమైందంటే, కొందరి ఇళ్లలో ఇప్పటికీ పశువుల పాక గోడకు ఆనించే ఉంటుంది. మోటారు సైకిలు వచ్చాక దాని అవసరం తీరిపోయింది. దాంతోపాటు ఒంటికి జరిగే పని కూడా ఆగిపోయింది.

ఈసారి ఆ పాత సైకిలు గురించి, దానిని మన చుట్టుపక్కల ఎక్కడ తొక్కవచ్చో, ఎక్కడ తొక్కకూడదో రాస్తున్నాను.

విదేశాల్లో ఈ మధ్య తారు రోడ్డు వదిలి కంకర బాటల మీద సైకిలు తొక్కడం పెద్ద వేడుక అయింది. గ్రావెల్ బైకింగ్ అంటారు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని ఎంపోరియా అనే చిన్న ఊళ్లో 2006లో మొదలైన 200 మైళ్ల కంకర రోడ్ల పోటీకి ఇప్పుడు అనేక దేశాల నుండి వస్తారు. స్కాట్లాండ్‌లో చెట్లు లేని గడ్డి బీళ్లు, లాఖ్ అని వారు పిలిచే సరస్సులు, మధ్యలో అడవులు, వాటి గుండా కలప లాగడానికి వేసిన గులకరాళ్ల బాటలు ఉన్నాయి. అక్కడ 2003లో ఒక చట్టం చేశారు. ఎవరి భూమి అయినా సరే, పంట పాడుచేయకుండా బాధ్యతగా నడిచి వెళ్లడానికి, సైకిలు మీద వెళ్లడానికి ప్రజలకు హక్కు ఉంటుంది. మన దగ్గర అటువంటి చట్టం లేదు గాని పుంతలు ఉన్నాయి. బండ్లు తిరగడానికి ఊరుమ్మడిగా వదిలిన బాటలు అవి. మెట్ట గ్రామాల్లో వాటి మీద ఎర్ర గ్రావెల్ పోసి చదును చేశారు. స్కాట్లాండ్ వారు సరస్సు, అడవి, బీడు అని గొప్పగా చెప్పుకుంటే మనకు కొల్లేరు ఉంది, బుట్టాయగూడెం పైన అడవి ఉంది, ఈ రెండింటి మధ్య ఎర్రనేల మెట్ట ఉంది.

ఇంకో సంగతి చెప్తే మగవాళ్లు సంతోషిస్తారు. విదేశీ గ్రావెల్ సైకిలుకు వాడే టైరు వెడల్పు సుమారు 35 నుండి 45 మిల్లీమీటర్లు. మన పాత నల్ల సైకిలు టైరు మీద 28 × 1½ అని రాసి ఉంటుంది చూడండి. ఆ ఒకటిన్నర అంగుళం అంటే దాదాపు 40 మిల్లీమీటర్లే. లక్షల రూపాయల సైకిలుకు వేసే టైరు, మన పాకలో ఉన్న టైరు ఒకే వెడల్పు. మనవాళ్ల సైకిళ్లు మొదటి నుండీ కంకర రోడ్ల కోసమే చేసినవి గనుక ఇందులో వింత లేదు. తేడా గేర్లలో, బ్రేకుల్లో ఉంది. రాడ్ బ్రేకులు వానలో తడిస్తే సరిగా పట్టవు. అందుచేత ఏటవాలు దిగేటప్పుడు పాత సైకిలు దిగి నడిపించుకోవాలి. ఇందులో సిగ్గు పడవలసింది లేదు.

మోకాళ్ల సంగతి

మోకాళ్ల నొప్పి ఉన్నవారికి నడక కన్నా సైకిలు తేలిక. నడిచేటప్పుడు శరీరం బరువంతా మోకాలి మీద పడుతుంది. సైకిలు మీద ఆ బరువులో ఎక్కువ భాగం సీటు మోస్తుంది. మోకాలు వంగుతూ చాపుతూ ఉండడం వల్ల తొడ కండరం గట్టిపడి, కీలుకు ఆసరా అవుతుంది. అయితే సీటు ఎత్తు సరిగా ఉండాలి. మన ఊళ్లలో చాలామంది రెండు కాళ్లూ నేలకు పూర్తిగా ఆనేటట్లు సీటు కిందికి దించి తొక్కుతారు. అలా తొక్కితే మోకాలు ప్రతి తిప్పుకూ అతిగా మడుచుకుని, చిప్ప మీద ఒత్తిడి పెరిగి నొప్పి ఎక్కువవుతుంది. సీటు మీద కూర్చుని పెడల్ కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. కాలు తిన్నగా చాపుకోవాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాము గనుక మోకాలు అప్పుడు కొంచెం వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. సైకిలు షాపులో ఒక పానాతో ఐదు నిమిషాల్లో సరిచేస్తారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి చెప్పే లెక్క వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమ. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట. మోస్తరు అంటే ఊపిరి కొంచెం వేగం అవ్వాలి, పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. కంకర మీద ఈ స్థితి తారు రోడ్డు కన్నా త్వరగా వస్తుంది. చక్రం రాళ్ల మీద కుంగుతూ లేస్తూ పోతుంది గనుక అదే వేగానికి ఎక్కువ బలం కావాలి. అందువల్ల దూరం చూసి లెక్క వేయకండి. పంచాయతీ రోడ్డు మీద 10 కిలోమీటర్లు తొక్కేవారు పుంతలో 6 తొక్కితే చాలు.

కామవరపుకోట వైపు నుండి మా దగ్గరకు వచ్చే ఒక ఆయిల్ పామ్ రైతు, అరవై ఏళ్ల ఆయన, తోటకు మోటారు సైకిలు మానేసి సైకిలు మీద వెళ్లడం మొదలుపెట్టారు. ఆరు నెలల తర్వాత చూస్తే షుగరు బాగా తగ్గింది. ఆయన మాటల్లోనే చెప్పాలంటే "మందు అదే, తిండి అదే, మారింది సైకిలే." మందు మాత్రం డాక్టరు గారు తగ్గించారు, ఆయనంతట ఆయన తగ్గించుకోలేదు. ఇది గుర్తుంచుకోండి.

ముందుగా డాక్టరును అడగవలసినవారు

గుండెపోటు వచ్చినవారు, ఛాతీలో బరువుగా ఉండి ఆయాసం వచ్చేవారు, బీపీ అదుపులో లేనివారు, షుగరు వల్ల కంటి లోపల రక్తస్రావం అయినవారు, ఈ మధ్య కంటి ఆపరేషను చేయించుకున్నవారు డాక్టరు సరే అన్న తర్వాతే సైకిలు ఎక్కాలి.

షుగరు మందుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఊరికి దూరంగా పుంతలో షుగరు పడిపోతే చూసేవారు ఉండరు. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవారికి షుగరు పడిపోవడం అరుదు. ఇన్సులిన్ వేసుకునేవారు, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వేసుకునేవారు జాగ్రత్త పడాలి. బయలుదేరే ముందు షుగరు 100 కన్నా తక్కువ ఉంటే ఏదైనా తిని వెళ్లండి. 250 దాటి ఒంట్లో కూడా బాగోలేకపోతే ఆ రోజు వద్దు. తొక్కబోయే రోజు ఇన్సులిన్ తొడకు వేసుకోకండి. పనిచేసే కండరానికి రక్తం ఎక్కువ పారుతుంది గనుక మందు త్వరగా ఒంటికి ఎక్కి షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. పొట్టకు వేసుకోండి. జేబులో గ్లూకోజు పొడి గాని పంచదార పొట్లం గాని తప్పనిసరి. చెమట, వణుకు, ఆకలి, తల తేలిపోవడం అనిపిస్తే వెంటనే దిగి మూడు చెంచాలు నోట్లో వేసుకుని 15 నిమిషాలు ఆగాలి. తగ్గకపోతే మళ్లీ అంతే వేసుకోవాలి. తగ్గాక రెండు బిస్కెట్లో ఒక అరటిపండో తిన్న తర్వాతే కదలాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి.

గుండెకు, బీపీకి అటెనోలాల్, మెటోప్రోలాల్ వంటి మాత్రలు వేసుకునేవారిలో ఆ వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు. చెమట ఒక్కటే గుర్తు. అలాగే ఎక్కువ దూరం తొక్కిన రోజు రాత్రి నిద్రలో కూడా షుగరు పడవచ్చు. ఆ రాత్రి భోజనం మానకండి.

ఎర్రకాలువ వైపు

కొత్తగా మొదలుపెట్టేవారికి జంగారెడ్డిగూడెం నుండి కొంగువారిగూడెం వైపు ఎర్రకాలువ జలాశయం మంచి దారి. దూరం తక్కువ, మధ్యలో ఊళ్లు ఉన్నాయి, నీళ్లు దొరుకుతాయి, ఏదైనా అయితే ఆటో వస్తుంది. గట్టు దగ్గర ఉదయం గాలి హాయిగా ఉంటుంది. జలాశయంలో దిగి ఈత కొట్టవద్దు. చెమటతో ఉన్న పిల్లలు దిగాలని చూస్తారు.

మన చుట్టుపక్కల సైకిలుకు పనికిరానిది ఒక్కటే, అది జాతీయ రహదారి. దేవరపల్లి నుండి కొయ్యలగూడెం, జంగారెడ్డిగూడెం మీదుగా జీలుగుమిల్లి వెళ్లే రోడ్డు మీద బొగ్గు లారీలు, పామాయిల్ గెలల ట్రాక్టర్లు, వేలం కేంద్రానికి వెళ్లే పొగాకు బండ్లు అన్నీ కలిసి పోతుంటాయి. ఆ రోడ్డును అడ్డంగా దాటవచ్చు గాని దాని వెంట తొక్కవద్దు. దాటేటప్పుడు దిగి దాటండి. జల్లేరు వాగు వంతెన మీద 2021 డిసెంబరు 15న ఏమి జరిగిందో మన ఊరివారికి చెప్పనక్కరలేదు. బస్సు వాగులో పడి మనుషులు పోయారు. ఇరుకు వంతెన మీద పెద్ద బండి ఎదురొస్తే సైకిలు మనిషికి చోటు ఉండదు. ముందే ఆగి బండిని పోనివ్వాలి.

మెట్ట పుంతలు, గుంటుపల్లి

నాకు నచ్చిన దారి ఇది. కామవరపుకోట వైపు జీడిమామిడి, కోకో, ఆయిల్ పామ్, మొక్కజొన్న తోటల మధ్య ఎర్ర బాటలు. జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి గుహలు ఉన్నాయి. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దం నాటి బౌద్ధ భిక్షువుల నివాసాలు అవి. గుండ్రంగా తొలిచిన చైత్యం లోపలికి వెళ్లి పైకి చూస్తే, పూరింటి కప్పులో వాసాలు ఎలా ఉంటాయో అలాగే రాతిలో చెక్కారు. పిల్లలకు చూపించవలసిన చోటు. సైకిలు కింద పెట్టి మెట్లు ఎక్కాలి. ఎక్కే ముందు పది నిమిషాలు కూర్చోండి, తొక్కి వచ్చిన వెంటనే మెట్లు ఎక్కితే గుండె మీద భారం పడుతుంది.

ఎర్ర గ్రావెల్‌కు ఒక మంచి గుణం, వాన వెలిసిన రెండు మూడు గంటలకే నీరు ఇంకిపోయి తొక్కడానికి వీలవుతుంది. చెడ్డ గుణం, ఎండాకాలంలో పై పొర గుల్లబారి మలుపుల్లో చక్రం జారుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించండి, మలుపులో ముందు బ్రేకు పట్టకండి. టైరులో గాలి రాయిలా గట్టిగా కొట్టించవద్దు. కొంచెం తగ్గితే చక్రం రాళ్లను పట్టుకుంటుంది, చేతులకు అదురు తగ్గుతుంది. ఎక్కువసేపు హ్యాండిల్ గట్టిగా పట్టుకునేవారికి చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారుతాయి. అరచేతిలో నరం నలగడం వల్ల వచ్చేది. మధ్య మధ్య చెయ్యి మార్చి, వేళ్లు విదిలించుకుంటే పోతుంది. మర్నాటికి కూడా పోకపోతే చూపించుకోండి.

ఆయిల్ పామ్ తోటల్లో కొట్టిన మట్టలు బాట పక్కన పోగుగా పడి ఉంటాయి. వాటి మొదట్లో ముళ్లు చాలా గట్టివి. ట్యూబు పంక్చరు అయితే షాపులో వేస్తారు. పాదంలో దిగితే, అందులోనూ షుగరు వల్ల పాదం మొద్దుబారినవారికి దిగితే, ఆ మనిషికి తెలియదు. నాలుగు రోజులకు చీము పట్టి, వాసన వచ్చాక మా దగ్గరకు వస్తారు. వేలు తీసేయవలసి వచ్చినవారిని, కాలు పోయినవారిని మా వార్డులో చూస్తూనే ఉన్నాము. అందుకే హవాయి చెప్పులతో, ఉత్త కాళ్లతో సైకిలు తొక్కవద్దని అంత గట్టిగా చెప్తాము. వెనక పట్టీ ఉన్న చెప్పులో, బూట్లో వేసుకోండి. ఇంటికి రాగానే పాదాలు కడుక్కుని వేళ్ల సందులు, అరికాలు చూసుకోండి. కన్ను ఆనని పెద్దవారికి కోడలో మనవడో చూడాలి. ముల్లు కనబడితే పిన్నీసుతో కెలకకుండా ఆసుపత్రికి రండి. టీటీ ఇంజెక్షను ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే అదీ చెప్పండి.

ఆ ముళ్ల కన్నా ప్రమాదం ఇంకొకటి ఉంది. అడవి పందుల బెడదకు కొన్ని చోట్ల చేల చుట్టూ కరెంటు తీగ లాగుతారు. అది చట్టవిరుద్ధం, దాని వల్ల మనుషులు పోయిన వార్తలు మన రాష్ట్రంలో ఏటా చదువుతున్నాము. తెల్లవారక ముందు గాని, చీకటి పడ్డాక గాని పుంత వదిలి అడ్డదారిన చేలల్లోకి దిగవద్దు. బహిర్భూమికి కూడా వద్దు. ఎవరైనా తీగకు తగిలి పడి ఉంటే చేత్తో లాగకండి. ముందు కరెంటు తీయించాలి.

అడవి దారి

బుట్టాయగూడెం దాటి గుబ్బల మంగమ్మ వైపు వెళ్లే అడవి దారి చలికాలంలో ఎంతో అందంగా ఉంటుంది. వాగులు, వెదురు, కోయ, కొండరెడ్డి గూడేలు. అయితే ఇది కొత్తవారికి కాదు. ఒంటరిగా వెళ్లవద్దు, ఉన్న రోడ్డు వదలవద్దు, సాయంత్రం నాలుగు లోపల బయటకు వచ్చేయాలి. ఇంకా లోపలికి వెళితే పాపికొండల జాతీయ పార్కు వస్తుంది. 2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన ఆ వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా పోకూడదు. 2024 మొదట్లో మెట్ట మండలాల్లో పులి తిరిగి పశువులను చంపినప్పుడు ఎంత భయపడ్డామో గుర్తుంది కదా. అటవీ శాఖవారు వద్దు అన్న రోజు వెళ్లకండి.

పులి కన్నా మేము ఎక్కువ భయపడేది వాగులకు, పాములకు. చప్టా మీద నీరు పారుతుంటే అది మోకాలి లోతే అయినా సైకిలుతో దాటవద్దు. చక్రాలు నీటికి అడ్డం పడి మనిషిని లాగేస్తాయి. 2024 జులైలో పెదవాగు ప్రాజెక్టు గట్టు తెగినప్పుడు చూశాము, ఈ వైపు నీరు ఎంత త్వరగా పెరుగుతుందో. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా వాగు వస్తుంది.

పాము కరిస్తే తాడు కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. ఉంగరాలు, మెట్టెలు, గాజులు వెంటనే తీసేయండి, వాపు వస్తే అవి బిగుసుకుంటాయి. కరిచిన కాలు కదపకుండా మనిషిని మోసుకుని, బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకురండి. దారిలోనే 108కి ఫోను చేయండి. మన దగ్గర వాడే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేస్తుంది. పామును చంపి పట్టుకురావలసిన పని లేదు. దాని కోసం వెతుకుతూ అరగంట పోగొట్టుకోవద్దు. అడవి నుండి వచ్చిన పది పదిహేను రోజుల్లో చలిజ్వరం వస్తే మలేరియా పరీక్ష చేయించుకోవాలి. డాక్టరుకు "అడవికి వెళ్లాను" అని మీరే చెప్పండి. చంకలోనో గజ్జల్లోనో సిగరెట్టు కాల్చినట్లు నల్ల మచ్చ ఉంటే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. మందు సులభం, ఆలస్యం ప్రమాదం.

గూడేల్లో కుక్కలు వెంటబడతాయి. వేగం పెంచితే అవీ వేగం పెంచుతాయి. దిగి, సైకిలును మీకూ కుక్కకూ మధ్య ఉంచి మెల్లగా నడవండి. గీరినా సరే, కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం రాయకండి. అదే రోజు టీకా మొదలుపెట్టి, చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయాలి. మూడు వేయించుకుని మానేసేవారు ఎక్కువ. రేబిస్ వచ్చాక వైద్యం లేదు.

కొల్లేరు

2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు కైకలూరు వైపు కూడా కలిసింది గనుక కొల్లేటి చుట్టుపక్కల చాలా భాగం ఒకే జిల్లాలోకి వచ్చింది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు నీరు తెస్తాయి. బయటకు పోయేది ఒక్క ఉప్పుటేరు, అది 60 కిలోమీటర్లకు పైగా పోయి సముద్రంలో కలుస్తుంది. 1999లో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు వన్యప్రాణి అభయారణ్యం అయింది. 2002లో రామ్సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తించారు. 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ తర్వాత కొన్ని మళ్లీ లేచాయి, వాటి మీద తగవులు తెగలేదు. సైకిలు మనిషి తొక్కేది ఈ గట్ల మధ్యనే. ఎక్కడ సరస్సు, ఎక్కడ చెరువు అన్నది కొత్తవారికి తెలియదు.

జంగారెడ్డిగూడెం నుండి ఏలూరు సుమారు 50 కిలోమీటర్లు. అక్కడి దాకా సైకిలును ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్లండి. నలుగురు కలిస్తే ఖర్చు భారం కాదు. ఏలూరు నుండి శ్రీపర్రు, గుడివాకలంక వైపు లంక గ్రామాలకు దారి పోతుంది. మిట్టలు లేవు, మోకాళ్లు బలహీనంగా ఉన్నవారికి కూడా వీలు. దక్షిణాన కొల్లేటికోట, కైకలూరు పక్కన ఆటపాక. ఆటపాక పక్షి కేంద్రంలో శీతాకాలంలో పెలికాన్లు అనే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇనుప స్టాండ్ల మీద, చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఉదయం ఆరున్నర, ఏడు గంటలకు చేరితే బాగా కనబడతాయి. బెల్లు కొట్టవద్దు, పిల్లల చేత అరిపించవద్దు.

తాడేపల్లిగూడెం వారికి ఇంకో దారి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తర్వాత తవ్విన కాలువల్లో ఏలూరు కాలువ ఒకటి. తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వచ్చి కృష్ణా కాలువతో కలుస్తుంది. ఒకప్పుడు పడవలను మనుషులు తాడు కట్టి గట్టు వెంట నడుస్తూ లాగేవారు. ఆ గట్టు చాలా చోట్ల కంకర బాటగా ఉంది. కొన్ని చోట్ల ఇళ్లు వచ్చి తెగిపోయింది, అక్కడ ఊళ్లోంచి చుట్టు తిరగాలి.

డెల్టాలో నేల నల్లది. ఎర్ర గ్రావెల్ సంగతి ఇక్కడ మరిచిపోండి. ఒక్క వాన పడితే నల్లమట్టి చక్రానికి, మడ్‌గార్డుకు మధ్య పట్టుకుని సైకిలు ముందుకు కదలదు. మోసుకు రావలసిందే. రెండు రోజులు ఎండ కాచాకే గట్టు ఎక్కండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరుకు చేరినప్పుడు లంకల రోడ్లు మునిగి ఊళ్లవారు పడవల్లో తిరిగారు. వానాకాలం అంతా ఆ వైపు వద్దనే నా మాట. గట్ల మీద ఒక చెట్టు కూడా ఉండదు గనుక ఉరుము వినబడగానే సైకిలు వదిలి, పక్కా ఇంట్లోకి గాని ఆగిన కారులోకి గాని వెళ్లాలి. ఒంటరి తాటిచెట్టు కింద నిలబడకండి.

నీడ లేకపోవడం ఎండకు కూడా వర్తిస్తుంది. ఫిబ్రవరి దాటితే తొమ్మిది లోపల ముగించండి. ఏప్రిల్, మే నెలల్లో ఈ దారి పూర్తిగా మానేయండి. ఆదివారం ఆరాధన అయ్యాక పదకొండు గంటలకు కుర్రవాళ్లు గుంపుగా బయలుదేరుతారు, అది మంచిది కాదు. శనివారం తెల్లవారి వెళ్లమనండి. గంటకు అర లీటరు తక్కువ కాకుండా నీరు తాగాలి. గంట దాటితే ఓఆర్ఎస్ గాని ఉప్పు వేసిన మజ్జిగ గాని ఉండాలి. ఓఆర్ఎస్ పొట్లం మీద ఎంత నీటికో చదివి అంతే కలపండి, చిక్కగా కలిపితే కీడు. కిడ్నీ జబ్బు ఉన్నవారు కొబ్బరి నీళ్లు డాక్టరును అడగకుండా తాగవద్దు, అందులో పొటాషియం ఎక్కువ. నీళ్ల మాత్రలు వాడేవారికి ఎండదెబ్బ త్వరగా తగులుతుంది. మనిషి తికమకగా మాట్లాడుతున్నాడు, ఒళ్లు కాలిపోతోంది అంటే నీడకు చేర్చి, చొక్కా విప్పి, చెరువు నీళ్లయినా సరే ఒంటి నిండా పోసి విసురుతూ 108కి ఫోను చేయండి. ఆసుపత్రికి వచ్చాక చల్లబరుద్దాం అనుకుంటే ఆలస్యం అయిపోతుంది.

ఆడవారికి, పిల్లలున్నవారికి

తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది పల్లె స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. నీళ్లకు, కూలికి, బడికి ఒకరి మీద ఆధారపడకుండా వెళ్లారు. మన రాష్ట్రంలో 2017లో 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ బడుల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. ఆ పిల్లలకు పెళ్లిళ్లు అయ్యాక సైకిళ్లు అటక ఎక్కాయి. నలభై దాటిన ఆడవారికి సైకిలు ఏమిటి అని ఇంట్లో వారంటే, షుగరు మాత్రల చీటీ చూపించండి. చీరకట్టుతో తొక్కేవారు అడ్డ కడ్డీ లేని సైకిలు, చైన్ కవరు, వెనక చక్రానికి జాలీ ఉన్నది ఎంచుకోండి. చున్నీ మెడ చుట్టూ వేలాడనివ్వక నడుముకు ముడి వేసుకోండి.

ఆ వెనక జాలీ చీర కోసమే కాదు. క్యారియర్ మీద పిల్లను కూర్చోబెట్టుకుని పోతుంటే కాలు స్పోకుల్లో పడి మడమ చర్మం లేచిపోయిన పసివారు మా డ్రెస్సింగ్ రూముకు ఎందరో వస్తారు. కంకర బాటలో కుదుపుకు పిల్ల కాలు లోపలికి పోవడం ఇంకా తేలిక. పైకి చిన్న గాయంలా కనబడుతుంది, లోపల కండ నలిగి ఉంటుంది. వారాల తరబడి కట్లు కట్టాలి, ఒక్కోసారి చర్మం అతకాలి. కాళ్లు పెట్టడానికి స్టాండు, చక్రానికి జాలీ లేని సైకిలు మీద పసివారిని ఎక్కించవద్దు.

హెల్మెట్ అందరికీ. కంకర మీద పడితే తగిలేది మోచేయి, మోకాలు, తల. పడ్డవారికి స్పృహ తప్పినా, వాంతి అయినా, మగతగా ఉన్నా, చెవిలోంచి నీరో రక్తమో వచ్చినా ఇంట్లో పడుకోబెట్టకండి. చెక్కుకుపోయిన చోట ఇసుక మిగలకుండా మంచినీటితో బాగా కడిగి రండి.

బయలుదేరే ముందు ఇంట్లో ఏ దారిన వెళ్తున్నారో, ఎన్ని గంటలకు వస్తారో చెప్పండి. సీటు కింద సంచిలో ఒక పంపు, ప్యాచ్‌లు, గ్లూకోజు, నీళ్ల సీసా, ఒక చిన్న అట్ట ఉండాలి. ఆ అట్ట మీద మీ పేరు, బ్లడ్ గ్రూపు, వాడే మందులు, పడని మందులు, ఇంటివారి ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాసుకోండి. చదువు రానివారు ఓపీ కౌంటరులో మీ కార్డు చూపిస్తే మా సిస్టర్లే రాసి ఇస్తారు.